నర్సమ్మ సంచి నుంచి చేతి కంప్యూటరు దాకా
మన ప్రాంతంలో తల్లీబిడ్డల లెక్కల చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. సాగర్ డ్యాం గురించి, ఎడమ కాలువ గురించి రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను వైద్య ఆరోగ్య శాఖలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల్లో నెలవారీ నివేదికలు తయారు చేయడంతోనే గడిచింది. నాకు తెలిసినవి రిజిస్టర్లు. అందుచేత రిజిస్టర్ల చరిత్రే మీ ముందు ఉంచుతున్నాను. అందులో తల్లీబిడ్డల ప్రాణాలు ఇమిడి ఉన్నాయి గనుక చదవదగిందేనని నా నమ్మకం.

ముందుగా ఒక్క ప్రశ్న. మనలో ఎంతమందికి తమ అసలు పుట్టినతేదీ తెలుసు? బడిలో వేసినప్పుడు పంతులుగారు ఎత్తూ లావూ చూసి వేసిన తేదీయే సర్వీసు రిజిస్టరుకు ఎక్కింది. ఆ తేదీ ప్రకారమే ఇంక్రిమెంట్లు లెక్కపెట్టుకున్నాం, ఆ తేదీ ప్రకారమే దండలు వేయించుకొని ఇంటికి వచ్చాం. 1983లో రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, తర్వాత తిరిగి 58 చేసినప్పుడు, పంతులుగారి కలం విదిలింపు ఎవరికి వరమైందో ఎవరికి శాపమైందో ఆనాటి వారికి గుర్తుండే ఉంటుంది. పుట్టిన నాడు ఎవరూ రాసిపెట్టకపోతే బతుకంతా ఎవరో రాసిన లెక్కతో నడవాలి. పెద్ద ఉద్యోగమే ఒక తప్పుడు తేదీ మీద ఆధారపడినప్పుడు, చంటిబిడ్డ సూదిమందు, బాలింత ప్రాణం ఎంతగా ఆధారపడతాయో ఆలోచించండి.

పటేలు పుస్తకం

నిజాం కాలంలో మన తెలంగాణ గ్రామాల్లో జనన మరణాలు తెలియపరచే బాధ్యత పోలీసు పటేలుది. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళితే, ఆంధ్ర ప్రాంతంలో ఆ పని గ్రామ మునసబుది. రెండు వైపులా పద్ధతి ఒక్కటే. ఊళ్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అనే సమాచారం సుంకరి చెబితే పుస్తకానికి ఎక్కేది. ఆ పుస్తకం ముఖ్యంగా కలరా, మశూచి లాంటి జాడ్యాలు ఎక్కడ తలెత్తాయో సర్కారుకు తెలియడం కోసం. బిడ్డ కోసం కాదు. పుట్టి వారం తిరగకుండా పోయిన శిశువు అందులో పుట్టినట్టూ ఉండేది కాదు, పోయినట్టూ ఉండేది కాదు.

దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజులలోగా నమోదు చేయించాలి. 1984లో మన రాష్ట్రంలో పటేలు, పట్వారీ, కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. పుస్తకాలు చేతులు మారుతూ చివరకు పంచాయతీల వద్దకు చేరాయి. ఈ చేతులు మారడంలో ఎన్ని పుస్తకాలు చెదల పాలయ్యాయో, నకళ్ల కోసం తిరిగినవారికే తెలుసు.

నర్సమ్మ సంచి

తల్లీబిడ్డల అసలు లెక్క పటేలు పుస్తకంలో కాదు, నర్సమ్మ సంచిలో పుట్టింది. 1970ల మధ్యలో బహుళార్థ ఆరోగ్య కార్యకర్తల పథకం వచ్చింది. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, ఒక ఎ.ఎన్.ఎం. అని నిర్ణయించారు. 1985లో సార్వత్రిక వ్యాధినిరోధక టీకాల కార్యక్రమం మొదలైంది. బి.సి.జి., మూడు విడతల డి.పి.టి., మూడు విడతల పోలియో చుక్కలు, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా.

చిన్న లెక్క వేద్దాం. వెయ్యి జనాభాకు ఏటా 30 కాన్పుల చొప్పున వేసుకుంటే, 5,000 జనాభాలో 150 కాన్పులు. ఒక్కొక్క గర్భిణిని కనీసం 3 సార్లు, ఒక్కొక్క బిడ్డను కనీసం 5 సార్లు చూడాలి. అంటే ఏటా 1,200 సార్లు. ప్రతిసారీ మూడు చోట్ల రాయాలనుకున్నా 3,600 పద్దులు. కాని మూడు చోట్లతో పోయేది కాదు. అర్హులైన దంపతుల రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, కాన్పుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, మందుల స్టాకు రిజిస్టరు, రోజువారీ డైరీ. ఇవిగాక మలేరియా రక్తపూతలు, కు.ని. ఆపరేషన్లు. ఒక భుజాన టీకాల ఐసుపెట్టె, ఇంకో భుజాన రిజిస్టర్ల సంచి. బస్సు లేని ఊరికి కాలువ గట్టు మీద నడక.

నెలాఖరున ఆ సంచి నా బల్ల మీదికి వచ్చేది. ఆరేడు ఉపకేంద్రాల అంకెలు కూడి, ఆరోగ్య కేంద్రం మొత్తం వేసి, మూడు ప్రతులు టైపు చేసి జిల్లాకు పంపేవాళ్లం. జిల్లా నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి. మెట్టు మెట్టుకూ పేర్లు రాలిపోయి అంకెలు మిగిలేవి. ‘తట్టు టీకా, ఈ నెల 41’ అని పైకి వెళ్లేది. కాని ఆ నెల తట్టు టీకా పడవలసిన బిడ్డలెందరు, పడనిది ఎవరికి అనే సంగతి నర్సమ్మ రిజిస్టరులోనే ఉండిపోయేది. అదీ ఆమె ఏడాది పొడుగునా పేజీలు వెనక్కి తిప్పి వెదుక్కుంటేనే.

దీనికి తోడు లక్ష్యాలు. మన తరం ఉద్యోగులు ఏ శాఖ వారైనా మార్చి నెల కు.ని. లక్ష్యాలు మరచిపోరు. ఉపాధ్యాయులు, రెవెన్యూ వారు కూడా కేసులు తేవలసి వచ్చేది. లక్ష్యం ముందే నిర్ణయమైన చోట అంకె దాని దారి అది వెదుక్కుంటుంది. 1996 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఆ లక్ష్యాలను ఎత్తివేసింది. 1997లో పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తల్లికి ఏమి కావాలో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలన్నారు. మాట మంచిదే. రిజిస్టర్లు మాత్రం తగ్గలేదు.

అత్తిల్లు, పుట్టిల్లు, వలస

లెక్కలు తప్పడానికి సోమరితనమే కారణమనుకుంటే పొరపాటు. మన ఆచారమే రిజిస్టరుకు లొంగదు. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెల దాకా మిర్యాలగూడ పక్క ఊళ్లో ‘గర్భిణి’గా రాసిన అమ్మాయి శ్రీమంతం కాగానే ఖమ్మం జిల్లాకో గుంటూరు జిల్లాకో పోతుంది. ఇక్కడి రిజిస్టరులో కాన్పు గడి ఖాళీ. అక్కడి రిజిస్టరులో గర్భిణి పేరే లేకుండా కాన్పు. మూడో నెలలో బిడ్డను ఎత్తుకొని తిరిగి వస్తుంది. మొదటి విడత టీకా అక్కడ, రెండో విడత ఇక్కడ. ఏ పుస్తకంలోనూ పూర్తి బిడ్డ లేడు.

పేర్ల సంగతి సరే సరి. జాన్‌పహాడ్ దర్గా మొక్కుతో పుట్టిన సైదులు, సైదమ్మలు మన ప్రాంతంలో ఇంటికొకరు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సైదమ్మలుంటే నర్సమ్మ ‘బావి కాడి సైదమ్మ’, ‘మిల్లు సైదమ్మ’ అని గుర్తు రాసుకునేది. ఆమెకు అది చాలు. పై ఆఫీసుకు చాలదు. పుట్టిన బిడ్డకైతే పేరే ఉండదు. తల్లి పేరు చెప్పి ‘ఆమె బిడ్డ’ అనాలి.

ఇక వలసలు. నాట్ల కాలంలో మెట్ట ప్రాంతాల కూలీలు సాగర్ ఆయకట్టుకు వస్తారు. మిరప ఏరడానికి మన వాళ్లు కృష్ణ దాటి పోతారు. 1980ల చివర నేను పనిచేసిన ఒక కేంద్రంలో జరిగింది చెబుతాను. ఒక కూలీ మనిషికి రెండో కాన్పులో విపరీతంగా రక్తం పోయింది, ఎలాగో బతికింది. మూడోసారి గర్భం రాగానే నర్సమ్మ ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గీత గీసి ‘ఆస్పత్రిలోనే కాన్పు’ అని రాసింది. ఆమె నెలలు నిండకుండానే మిరప ఏరడానికి ముఠాతో వెళ్లింది. నొప్పులు అక్కడే వచ్చాయి. ఎర్ర గీత ఇక్కడి బీరువాలో ఉంది. అక్కడ కాన్పు చేసిన వారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. ఆ తర్వాత రెండు కార్యాలయాల మధ్య ఉత్తరాలు నడిచాయి. ఈ మరణం మా లెక్కలోకి రాదు, కాన్పు మీ పరిధిలో జరిగిందని ఒకరు. ఆమె మా జనాభా కాదని ఇంకొకరు. ఆ ఉత్తరాలు టైపు చేసింది నేనే. రిజిస్టరు ఎంత శ్రద్ధగా రాసినా, అది మనిషి వెంట నడవకపోతే ఎందుకూ కొరగాదని నాకు అప్పుడు తెలిసింది.

లెక్కలో లేకపోవడం వేరే రకంగా కూడా ప్రమాదమే. సాగర్‌కు పైన దేవరకొండ, చందంపేట తండాల్లో లంబాడీ ఆడశిశువులను దత్తత పేరుతో చేతులు మార్చిన వ్యవహారం 1999లోను, మళ్లీ 2001లోను పత్రికల్లో వచ్చి రాష్ట్రాన్ని కుదిపింది. పేదరికం అసలు కారణం. కాని ఎక్కడా నమోదు కాని బిడ్డ మాయమైతే అడిగేవారుండరనేది కూడా అంతే నిజం.

అజ్మీరు నుంచి నల్లగొండకు

ఇక కంప్యూటర్ల కథ. 1990ల మధ్యలో అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థ పరిశోధకులు రాజస్థాన్‌లోని అజ్మీరు జిల్లాకు వచ్చారు. వారి దగ్గర న్యూటన్ అనే చేతి కంప్యూటరు ఉండేది. పిల్లల పలక కంటే చిన్నది, పుల్లలాంటి కలంతో తాకి పని చేయించాలి. పరిశోధకులు నేరుగా యంత్రం చేతిలో పెట్టలేదు. ముందు ఎ.ఎన్.ఎం.ల వెంట ఊళ్లలో తిరిగారు. ఆమె ఏ వరుసలో ఇళ్లు తిరుగుతుంది, ఏది ముందు అడుగుతుంది, ఏది తర్వాత రాస్తుంది అని చూసి, దాన్ని బట్టి తెర మీద బొమ్మలు, గడులు కూర్చారు. కంప్యూటరు ముఖం చూడని మనిషి చేతికి అందేలా యంత్రాన్ని మలచడం వారి పని. ఆ ప్రయత్నం గురించి 1997లో అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పించారు. 1998లో ఆపిల్ సంస్థ న్యూటన్ తయారీయే మానేసింది. యంత్రం పోయింది, ఆలోచన మిగిలింది.

ఆ ఆలోచనే మన జిల్లాకు వచ్చింది. ప్రపంచ బ్యాంకుకు అనుబంధమైన ఇన్ఫోడెవ్ అనే కార్యక్రమం సొమ్ము ఇచ్చింది. సి.ఎం.సి. సంస్థ పని చేపట్టింది. రైళ్ల రిజర్వేషన్లను కంప్యూటర్ల మీదికి తెచ్చిన సి.ఎం.సి. ఇదే. 1975లో ప్రభుత్వ సంస్థగా పుట్టి, 2001లో టాటాల చేతికి వెళ్లింది. ఆ 2001 ప్రాంతంలోనే నల్లగొండ జిల్లాను ఎంచుకొని, ఎ.ఎన్.ఎం.ల చేతికి చేతి కంప్యూటర్లు ఇచ్చి ప్రయోగం మొదలుపెట్టారు. ఇంటి దగ్గర ఒక్కసారి రాయాలి, ఆరోగ్య కేంద్రానికి వచ్చి పెద్ద కంప్యూటరులోకి ఎక్కించాలి, నెలవారీ నివేదిక దానంతట అదే రావాలి. నర్సమ్మ కాగితాల మీద పోగొట్టుకునే కాలం మిగిలితే అది తల్లులకు దక్కుతుందని ఉద్దేశం.

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా తోచదు. కాని అప్పటికి మన ఆరోగ్య కేంద్రాల్లో చాలా వాటికి టెలిఫోనే సరిగా లేదు. కరెంటు పోతే పూటల తరబడి రాదు. ఆ స్థితిలో బోస్టన్, లండన్‌లలో కూడా నర్సుల చేతికి అంతగా రాని పరికరం నల్లగొండ నర్సమ్మ చేతికి వచ్చిందంటే, మన జిల్లా వారు గర్వంగా చెప్పుకోవలసిన విషయమే.

అయితే ఆ ప్రయోగం రాష్ట్రమంతా పాకలేదు. ఎందుకని? ఇలాంటి ప్రయత్నాలన్నిటిలో నేను చూసిన అడ్డంకి ఒకటే. కంప్యూటరు వచ్చినా రిజిస్టరు పోలేదు. ఆడిటు వారికి కాగితం కావాలి, తనిఖీకి వచ్చిన అధికారికి కాగితం కావాలి. అందుచేత ముందు రిజిస్టరులో రాసి, తర్వాత యంత్రంలో ఎక్కించడం. భారం తగ్గించడానికి వచ్చింది ఇంకో భారమై కూర్చుంది.

పేర్లా, అంకెలా?

అదే కాలంలో రాష్ట్రంలో రెండు రకాల ఆలోచనలు నడిచాయి. 1995లో జరిగిన బహుళార్థ కుటుంబ సర్వేలో మనలో చాలామంది ఇల్లిల్లూ తిరిగినవారే. ఆ సర్వే పునాదిగా కుటుంబాల వారీగా, పేరు పేరునా ఆరోగ్య వివరాలు కంప్యూటరుకు ఎక్కించాలని ప్రభుత్వం ఒక కుటుంబ ఆరోగ్య సమాచార వ్యవస్థను తలపెట్టింది. ఇంకొక వైపు, 2000 సంవత్సరం చివర చిత్తూరు జిల్లా కుప్పంలో నార్వే దేశపు ఓస్లో విశ్వవిద్యాలయం వారి తోడ్పాటుతో వేరొక ప్రయత్నం మొదలైంది. వర్ణవివక్ష ముగిసిన దక్షిణాఫ్రికాలో పుట్టిన ఉచిత సాఫ్టువేరును వారు తెచ్చారు. వారి సిద్ధాంతం వేరు. వంద గడులు నింపి ఒక్కటీ వాడకపోవడం కంటే, పది గడులు సరిగా నింపి ఆ ఆరోగ్య కేంద్రంలోనే గోడకు గ్రాఫు కట్టి చూసుకోవడం మేలు అన్నారు. ఆ సాఫ్టువేరు తర్వాతి రూపం ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో దేశాల ఆరోగ్య శాఖలు వాడుతున్నాయి. భారతదేశంలో దాని తొలి మజిలీ మన తెలుగు నేల.

ఈ రెండింటిలో ఏది సరి? నా అనుభవంలో రెండూ కావాలి, కాని వేర్వేరు చేతుల్లో. ఢిల్లీకి అంకె చాలు. సైదమ్మకు సూది వేయవలసిన మనిషికి పేరు కావాలి, గుమ్మం కావాలి, తేదీ కావాలి. పేరు కావలసిన చోట అంకె అడిగాం, అంకె చాలిన చోటికి పేర్ల చిట్టాలు మోశాం. చాలా కష్టం అక్కడే వచ్చింది.

2009 తర్వాత

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే సంవత్సరం మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2009 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తల్లీబిడ్డల జాడ పట్టే వ్యవస్థను దేశమంతటా ప్రారంభించింది. ప్రతి గర్భిణికి, ప్రతి బిడ్డకు ఒక ప్రత్యేక సంఖ్య. అత్తింట రాసినా, పుట్టింట చూసినా ఆ సంఖ్యతో మనిషి దొరకాలి. ఎర్ర గీత కృష్ణ దాటి వెళ్లగలగాలి. మేం కాగితాల్లో చేయలేనిది ఇదే. నేను అప్పటికే రిటైరయ్యాను గాని, ఈ వార్త చదివి సంతోషించాను.

ఆచరణలో మొదట ఎక్కువగా జరిగింది పాత కథే. నర్సమ్మ రిజిస్టరులో రాయడం, నెలకోసారి మండల కేంద్రంలో ఆపరేటరు దాన్ని కంప్యూటరుకు ఎక్కించడం. సైదమ్మలోని ‘సై’కి ఒకరు ఒక ఇంగ్లీషు స్పెల్లింగు, వేరొకరు వేరొక స్పెల్లింగు వాడితే యంత్రానికి ఇద్దరు సైదమ్మలు. టీకా పడవలసిన వారి జాబితా వచ్చేసరికి తేదీ దాటిపోయేది. జరగబోయేది చెప్పవలసిన యంత్రం జరిగిపోయినది రాసుకునేది. ఆ తర్వాత ఆ వ్యవస్థ స్థానంలో పునరుత్పత్తి, శిశు ఆరోగ్య పోర్టల్ వచ్చింది. 2016లో ఎ.ఎన్.ఎం.ల కోసం అన్మోల్ అనే ట్యాబ్లెట్ అప్లికేషన్‌ను ముందుగా ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభించారు. అంటే నల్లగొండలో పదిహేనేళ్ల ముందు కన్న కలకు అప్పటికి ఒళ్లు వచ్చింది.

తెలంగాణలో 2017 జూన్‌లో కె.సి.ఆర్. కిట్ పథకం మొదలైంది. సర్కారు ఆస్పత్రిలో కాన్పయితే ఆడబిడ్డకు 13,000 రూపాయలు, మగబిడ్డకు 12,000 రూపాయలు విడతల వారీగా తల్లి ఖాతాలో వేసే ఏర్పాటు చేశారు. పరీక్షలు, కాన్పు, టీకాలు కంప్యూటరులో నమోదైతేనే విడత విడుదల. అంతకుముందు మన కోసం మనం రాసుకున్న రికార్డు మీద తల్లికి ఆసక్తి ఉండేది కాదు. ఇప్పుడు తన పేరు ఎక్కిందా లేదా అని ఆమే అడగడం మొదలుపెట్టింది. రికార్డులో తల్లికి కూడా వాటా ఉండాలనే పాఠం ఇది.

ఫలితాలు కొన్ని చెప్పుకోవాలి. 2001-03 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. రాష్ట్రం సరిహద్దులు మారాయి గనుక సరిగ్గా పోల్చరాదు. ఘనత ఒక్క కంప్యూటరుది అసలే కాదు. రోడ్డుది, అంబులెన్సుది, ఆస్పత్రిది, ఆశాది. అయినా ఎర్ర గీత నాటి కాలం నుంచి ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయని తేలింది. అదే సర్వే ఇంకొక సంగతి కూడా బయటపెట్టింది. కాన్పుల్లో 60.7 శాతం కడుపుకోత కాన్పులు. లెక్క నిజాయితీగా ఉంటే మెచ్చుకోలే కాదు, చీవాట్లు కూడా పెడుతుంది.

గుమాస్తాల బుద్ధి

ఇప్పుడు పెద్ద చదువులు చదివిన యువకులు ఈ వ్యవస్థలను రూపొందిస్తున్నారు. మన పిల్లల్లో, మనుమల్లో ఆ వృత్తిలో ఉన్నవారు ఉంటారు. వారికి ఒక పాత గుమాస్తా మాటలు నాలుగు.

ఒకటి. ఒక విషయం ఒక్కసారే రాయించండి. ఎవరు పని చేస్తారో వారే, పని చేసిన చోటనే రాయాలి. కంప్యూటరు పెట్టి రిజిస్టరు తీయకపోతే నర్సమ్మ రెండింటిలోనూ అబద్ధం రాయక తప్పదు.

రెండు. రాసినవారికి ముందు మేలు జరగాలి. రేపు ఏ ఇంటికి వెళ్లాలి, ఎవరికి ఏ విడత బాకీ ఉంది అనే చిట్టా పొద్దున్నే ఆమె చేతికి రావాలి. పై అధికారి నివేదిక ఆ తర్వాత.

మూడు. సర్వీసు రిజిస్టరులో మనం దిద్దుబాటు ఎలా చేసేవాళ్లం? బ్లేడుతో గోకేవాళ్లం కాదు. పాత అక్షరం కనబడేలా కొట్టివేసి, కొత్తది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ. యంత్రంలో కూడా ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో కనబడాలి. మార్చి నెలలో అంకెలు ఉబ్బితే ఎవరి చేతి చలవో తెలియాలి.

నాలుగు. తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియాలి. ఆడపిల్ల గర్భం సంగతి, పోయిన గర్భం సంగతి, జబ్బుల సంగతి ఇంటి గుట్టు. మా బీరువాకు తాళం ఉండేది, తీసిన మనిషి తెలిసేవాడు. కంప్యూటరులో పెట్టిన గుట్టు ఒక్క నొక్కుతో ఊరు దాటుతుంది. 2021 నుంచి 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఇస్తున్నారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. చట్టం మంచిదే, దాన్ని అమలు చేసే మనిషి జాగ్రత్త ముఖ్యం.

తల్లి చేతి పుస్తకం

చివరగా పై దేశాల ముచ్చట. 1942లో జపాన్ గర్భిణులకు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. యుద్ధంలో ఓడి, పట్టణాలు బూడిదైన స్థితిలో 1948లో దాన్ని తల్లీబిడ్డల పుస్తకంగా మార్చింది. గర్భం నుంచి బడి ఈడు దాకా ఒకే పుస్తకం, అది తల్లి చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్లలో ఆరితేరిన జపాన్ ఇప్పటికీ ఆ పుస్తకాన్ని విడవలేదు. నైజీరియాలో పనిచేసిన డేవిడ్ మోర్లే అనే ఇంగ్లీషు డాక్టరు బిడ్డ బరువు గీత గీసే కార్డు తయారుచేసి, దాన్ని ఆస్పత్రిలో దాచక తల్లులకే ఇచ్చేవాడు. మన దేశంలోని మాతా శిశు సంరక్షణ కార్డుది కూడా ఆ వంశమే. కరెంటు లేకపోయినా, సిగ్నలు లేకపోయినా, మిరప చేనులోనైనా చదవగల రికార్డు అదొక్కటే. కంప్యూటరు దానికి తోడు కావాలి గాని బదులు కాకూడదు.

కాబట్టి పింఛనుదారుల కుటుంబాలకు నా మనవి. కోడళ్లకు, కూతుళ్లకు ఇచ్చిన ఆ కార్డును పింఛను పుస్తకంతో సమానంగా భద్రపరచండి. పుట్టింటికి పంపేటప్పుడు చీరె సారెతో పాటు ఆ కార్డు పెట్టెలో పెట్టండి. బిడ్డ పుట్టిన 21 రోజులలోగా జననం నమోదు చేయించండి. ఆలస్యమైతే 30 రోజుల దాకా రుసుముతోను, ఏడాది దాకా అధికారి అనుమతితోను పని అవుతుంది. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, ఆ తిరుగుడు మీకు తెలియనిది కాదు. పేరు పెట్టకపోయినా నమోదు ఆపవద్దు. ఏడాదిలోగా పేరును ఉచితంగా చేర్చవచ్చు, 15 ఏళ్ల దాకా రుసుము కట్టి చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం చెబుతున్నది. ఇంగ్లీషులో పేరు స్పెల్లింగు మొదటి రోజే సరిచూడండి.

మన ఇళ్లలో అంట్లు తోమే ఆమె, పొలం పని చేసే ఆమె, పక్క ఇటుక బట్టీకి వలస వచ్చిన ఆమె నెలలు నిండి ఉంటే, ఆ కార్డు ఉందా అని ఒక్క మాట అడగండి. లేకపోతే ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేయండి. మనకు తీరిక ఉంది, నలుగురిలో మాట చెల్లుతుంది, దరఖాస్తు రాయడం చేతనవును. నలభై ఏళ్లు ప్రభుత్వ కాగితం రాసిన చేతులకు ఇది కొత్త పని కాదు.